డ్యూక్ ఎలింగ్టన్: పార్టు మీద పేరు, రికార్డు మీద పేరు

ఎలింగ్టన్ పియానో వాయిస్తాడు గానీ ఆయన అసలు వాయిద్యం ఆయన బ్యాండే అని జాజ్ వ్యాసాల్లో తరచూ కనబడే మాట ఒకటుంది. చాలాకాలం దాన్ని ఉత్త మెచ్చుకోలుగానే చదివాను. ఆ మాట అన్నది బిల్లీ స్ట్రేహార్న్ అని తెలిశాక కాస్త ఇబ్బందిగా అనిపించింది. 1939 నుంచి 1967లో చనిపోయేదాకా ఆ బ్యాండు కోసం రాసినవాడు. వాయిద్యం అంటే అందులో తనూ ఉన్నాడు కదా!

ఎలింగ్టన్ ట్రంపెట్ కోసం రాయలేదు, ఆ ట్రంపెట్ పట్టుకున్న మనిషి కోసం రాశాడు. పార్టుల మీద వాయిద్యం పేరు బదులు వాయించేవాడి పేరు ఉండేది. హ్యారీ కార్నీ 1927లో పదిహేడేళ్ళ కుర్రాడిగా చేరి, 1974లో ఎలింగ్టన్ పోయేదాకా బ్యాండు వదల్లేదు. మనుషుల్ని ‘రిసోర్స్’ అని పిలిచే ఉద్యోగంలో ఉన్నవాణ్ణి, ఇది చదివి కుళ్ళుకున్నాను. అవే నోట్స్ పొల్లుపోకుండా వాయించే ఇప్పటి బ్యాండ్లు విన్నాను. అన్నీ ఉంటాయి, జానీ హాడ్జెస్ శాక్సొఫోన్‌లో స్వరం నుంచి స్వరానికి జారే ఆ జారుడు తప్ప.

మరి పేరు? ‘కారవాన్’ బాణీ ట్రాంబోన్ వాయించిన హువాన్ టిజోల్‌ది, క్రెడిట్‌లో ఎలింగ్టన్ కూడా ఉన్నాడు. ‘టేక్ ది ఎ ట్రైన్’ మీద స్ట్రేహార్న్ పేరే ఉన్నా, అది బ్యాండు సంతకం అయిపోయాక జనం దాన్ని డ్యూక్ ఖాతాలోనే వేశారు. 1956లో న్యూపోర్ట్‌లో పాల్ గొన్సాల్వెజ్ వరసగా 27 కోరస్‌లు వాయించి జనాన్ని కుర్చీల్లోంచి లేపేశాడు. మరుసటి నెల ‘టైమ్’ అట్ట మీద ఎలింగ్టన్ బొమ్మ. మోసం అనను. 1937 నాటి ఆ రచన రెండు భాగాల మధ్యలో ఎవరిని నిలబెట్టి వదిలెయ్యాలో తెలిసింది ఆయనకే. అయినా మనం కోడ్ రాసి, డెమోలో లీడ్ చప్పట్లు అందుకుంటుంటే చూసినవాళ్ళమే కదా.

చార్ల్స్ మింగస్ 1953లో ఈ బ్యాండులో కొన్నాళ్ళుండి, గొడవపడి పోయాడు. తర్వాత తన బ్యాండుకి రాసేటప్పుడు మాత్రం ఎలింగ్టన్ లాగే మనుషుల్ని చూసి రాశాడు. ఈ ప్రభావమే నాకు పెద్దదనిపిస్తుంది.

స్ట్రేహార్న్ పోయిన కొన్ని నెలలకి, 1967లో, అతని రచనలతోనే ‘అండ్ హిజ్ మదర్ కాల్డ్ హిమ్ బిల్’ రికార్డు చేశారు. అందులో ‘బ్లడ్ కౌంట్’ అతను ఆస్పత్రి నుంచి పంపిన చివరి రచన. హాడ్జెస్ దాన్ని దాదాపు కోపంగా వాయిస్తాడు. ఆల్బమ్ చివర ‘లోటస్ బ్లాసమ్’. సెషన్ అయిపోయింది, అందరూ వాయిద్యాలు సర్దుకుంటున్నారు, మాటలూ చప్పుళ్ళూ వినబడుతూనే ఉంటాయి. ఎలింగ్టన్ ఒక్కడే పియానో దగ్గర కూచుని స్ట్రేహార్న్ బాణీ మొదలుపెడతాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, వెనక మాటలు కాసేపటికి సద్దుమణుగుతాయి.