మైనస్ 15 చెప్పే సంగతులు

చాలా సాఫ్ట్‌వేర్లు మొరాయించినప్పుడు "ఏదో లోపం జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి" అని చేతులు దులుపుకుంటాయి. ఇతర సాఫ్ట్‌వేర్ల లైసెన్సులను నెట్‌వర్క్ మీద పంచిపెట్టే ఫ్లెక్స్‌ఎల్‌ఎమ్ అలా వదిలెయ్యదు. నెట్‌వర్క్ లైసెన్స్ దొరకనప్పుడు అది తెర మీద పెట్టే సందేశాన్ని ఒకసారి ఓపిగ్గా చదవండి. ఏ టూల్ కోసం అడిగామో, లైసెన్స్ కోసం ఎక్కడెక్కడ వెతికిందో, ఏ కారణంతో దొరకలేదో, ఆ కారణం వెనక ఆపరేటింగ్ సిస్టమ్ ఏమందో అన్నీ వరసగా ఉంటాయి. సర్వర్ గది తలుపు తియ్యకుండానే సగం దర్యాప్తు ఆ కొద్ది వరుసల్లో అయిపోతుంది. ఈ పనితనాన్ని మెచ్చుకున్నవాళ్ళు తక్కువ. సందేశాన్ని చదవకుండా మూసేసేవాళ్ళే ఎక్కువ.

గ్లోబ్‌ట్రాటర్, హైలాండ్ డిజిటల్ అనే రెండు కంపెనీలు కలిసి 1988లో తెచ్చిన సాఫ్ట్‌వేర్ ఇది. తర్వాత మాక్రోవిజన్ చేతికీ, అక్కణ్ణుంచి ఫ్లెక్సెరాకూ వెళ్ళింది. పేరు ఫ్లెక్స్‌నెట్‌గా మారింది. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లోని మ్యాట్‌ల్యాబ్, ఆన్సిస్, హైదరాబాద్ చిప్ డిజైన్ ఆఫీసుల్లో వాడే కేడెన్స్, సినాప్సిస్ టూల్స్ దీన్ని నమ్ముకునే నడుస్తూ వచ్చాయి. పద్ధతి అద్దె సైకిళ్ళ షాపు లాంటిది. పది సైకిళ్ళుంటే ఊళ్ళో ఎవరైనా తొక్కొచ్చు, కాకపోతే ఒక్కసారికి పదిమందే. ఎవరు పట్టుకెళ్ళారో, ఎప్పుడు తెచ్చిచ్చారో షాపువాడు పుస్తకంలో రాసుకుంటాడు. ఇక్కడ ఆ పుస్తకం పేరు డీబగ్ లాగ్. లైసెన్స్ వెళితే అవుట్, తిరిగొస్తే ఇన్, ఇవ్వలేకపోతే డినైడ్ అని, యూజర్ పేరూ మెషీన్ పేరూ పక్కనే పెట్టి రాస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది, ఇది "లేదు" అనే మాటను ఒక్క రకంగా చెప్పకపోవడం. సందేశంలో ఎర్రర్ నంబరుగా మైనస్ 4 వచ్చిందంటే అన్ని లైసెన్సులూ వాడకంలో ఉన్నాయని. అప్పుడు సర్వర్‌లో లోపమేమీ లేదు. దాన్ని రీస్టార్ట్ చేసి పని చేసుకుంటున్నవాళ్ళ కడుపు కొట్టకూడదు. మైనస్ 5 అయితే అసలు ఆ ఫీచరే లైసెన్స్‌లో లేదు. మైనస్ 10 అంటే గడువు తీరింది. మైనస్ 34 అయితే అడిగే మెషీన్ గడియారానికీ సర్వర్ గడియారానికీ పొంతన లేదు. ఎవరి తలుపు తట్టాలో నంబరే చెప్పేస్తుంది: కొనుగోళ్ళు చూసేవాళ్ళనా, సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళనా, నెట్‌వర్క్ టీమ్‌నా అన్నది.

నెట్‌వర్క్ టీమ్ దగ్గరికి పంపేది ముఖ్యంగా మైనస్ 15. సర్వర్‌ను చేరలేకపోయాను అని దాని అర్థం. దాని పక్కన కామా పెట్టి ఇంకో నంబరు ఉంటుంది. అది సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ళకు పనికొచ్చేది. మనకు కావలసింది ఆ తర్వాత వచ్చే సిస్టమ్ ఎర్రర్. విండోస్‌లో 10061, లైనక్స్‌లో 111 కనిపిస్తే సాధారణంగా అవతలి మెషీన్ దాకా వెళ్ళాం, ఆ పోర్టు దగ్గర పలికేవాళ్ళు లేరు. సర్వీస్ ఆగిపోయి ఉండొచ్చు, మనమే తప్పు పోర్టు రాసి ఉండొచ్చు. 10060 అయితే జవాబే రాలేదు. మెషీన్ ఆగిపోయి ఉండాలి, లేదా దారిలో ఫైర్‌వాల్ మింగేస్తూ ఉండాలి. ఒక్క అంకె తేడాతో రెండు వేరువేరు దర్యాప్తులు. కింద ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పిన మాటను తన మాటతో కప్పెయ్యకుండా యథాతథంగా పైకి అందించడంలో ఉంది ఆ నైపుణ్యం.

సర్వర్ వైపు పని రెండు ప్రోగ్రాములు పంచుకుంటాయి. ఎల్‌ఎమ్‌జీఆర్‌డీ అనేది ముందుగా పలకరించేది. అది మామూలుగా 27000 నుంచి 27009 వరకూ ఉన్న పోర్టుల్లో ఒకదాని దగ్గర ఉంటుంది. లైసెన్సుల లెక్క దానికి తెలీదు. ఆ లెక్క చూసేది ఆయా కంపెనీ ఇచ్చిన వెండర్ డీమన్. వచ్చినవాళ్ళకు ఎల్‌ఎమ్‌జీఆర్‌డీ రెండోదాని పోర్టు చెప్పి పంపిస్తుంది. పొందికైన పంపకమే, కానీ ఇందులో ఒక లోటు ఉంది. మనం నిర్ణయించకపోతే వెండర్ డీమన్ పోర్టును ప్రతి స్టార్ట్‌కీ ఆపరేటింగ్ సిస్టమే ఏదో ఒకటి ఇస్తుంది. అందుకే ఇన్నాళ్ళూ నడిచిన సర్వర్ ఒక రీస్టార్ట్ తర్వాత అందకుండా పోతుంది. సర్వర్ మీదే కూర్చుని, లైసెన్సుల స్థితి చూపే ఎల్‌ఎమ్‌స్టాట్ కమాండ్ కొడితే అంతా బాగానే కనిపిస్తుంది. పక్క గదిలో ఎవరికీ లైసెన్స్ రాదు. కొత్త పోర్టుకు ఫైర్‌వాల్‌లో దారి లేదు మరి. లైసెన్స్ ఫైల్‌లో వెండర్ వరుస చివర పోర్టు నంబరు రాసి, రెండు పోర్టులూ తెరిస్తే పీడ విరగడవుతుంది. ఆ పోర్టును మొదటినుంచే తప్పనిసరి చేసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు.

పోర్టును ఫైల్‌లో మనమే అలా రాయగలగడం వెనక కూడా ఆలోచన ఉంది. లైసెన్స్ ఫైల్ మామూలు టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఫీచర్ల వరుసలకు డిజిటల్ సంతకం ఉంటుంది. సంఖ్యనో గడువునో, సర్వర్ హోస్ట్‌ఐడీనో దిద్దితే సంతకం కుదరక మైనస్ 8 వస్తుంది. కానీ సర్వర్ పేరూ, పోర్టులూ, డీమన్ ఉన్న ఫోల్డరూ మనిష్టం. అమ్మినవాడికి ముఖ్యమైనవి బిగించి, నడిపేవాడికి అవసరమైనవి వదిలేశారు. హోస్ట్‌ఐడీ ఎక్కువగా నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రసే. కార్డు మారితే లాగ్‌లో పడే వరుస చూడండి: ఫైల్‌లో ఉన్న హోస్ట్‌ఐడీ ఇది, ఈ మెషీన్‌ది ఇది అని రెండూ చెబుతుంది. పోల్చి చూసుకోవడమే మన పని.

ఈ హోస్ట్‌ఐడీ కోసం పాత వెర్షన్లు లైనక్స్‌లో ఈటీహెచ్0 అనే పేరున్న కార్డునే వెతికేవి. ఆ తర్వాత లైనక్స్‌లో కార్డుల పేర్లు పెట్టే పద్ధతే మారింది, వాటికి కార్డు కనపడకుండా పోయింది. కొత్త వెర్షన్లలో ఆ ఇబ్బంది తీరింది.

ఒక చోట మాత్రం ఇది నోరు విప్పలేదు. కొన్ని లైనక్స్ మెషీన్లలో ఎల్‌ఎమ్‌జీఆర్‌డీని నడపబోతే, ఫైలు కళ్ళెదుట ఉన్నా, అలాంటి ఫైలే లేదని షెల్ అంటుంది. లేనిది ఎల్‌ఎమ్‌జీఆర్‌డీ కాదు, దాన్ని మెమరీలోకి ఎక్కించాల్సిన ఎల్‌ఎస్‌బీ లోడర్. ప్రోగ్రాము ఇంకా మొదలే కాలేదు కాబట్టి దాని నంబర్లేవీ రావు. ఎల్‌ఎస్‌బీ ప్యాకేజీ దొరికితే వేసుకోవచ్చు. దొరకకపోతే మామూలు లోడర్‌కు ఆ పేరుతో సింబాలిక్ లింక్ పెడతారు. ఆ తర్వాత ఎల్‌ఎమ్‌జీఆర్‌డీని స్టార్ట్ చేసేటప్పుడు లాగ్ ఫైల్ ఎక్కడ రాయాలో కూడా చెప్పండి; మళ్ళీ చిక్కొచ్చిన రోజున మొదట తెరవాల్సింది దాన్నే.