ఒకే పేరు, వేర్వేరు మనుషులు: స్థానిక సంఘ చరిత్ర రచనపై ఒక విమర్శ

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల సంఘ చరిత్ర రాయబూనిన వారికి మొదట ఎదురయ్యే చిక్కు సిద్ధాంతానికి సంబంధించినది కాదు, పేరుకు సంబంధించినది. యోహాను, యేసుదాసు, దేవదానం, రత్నమ్మ, మరియమ్మ వంటి పేర్లు ప్రతి పల్లెలోనూ కనిపిస్తాయి. పాత నివేదికల్లో మిషనెరీకి ఇంటిపేరు, పట్టా, సేవాకాలం అన్నీ ఉంటాయి. ఉపదేశికి, బైబిలు స్త్రీకి తరచుగా ఒంటి పేరే మిగులుతుంది. గ్రంథాలయంలో ఆ పేరు కనబడగానే "మనం వెదకుతున్న వ్యక్తి దొరికాడు" అని నిశ్చయించుకోవడం మన పరిశోధనల్లోని పెద్ద లోపమని ఈ వ్యాసం వాదన.

ఈ విషయంలో సువార్తికులు మనకంటే జాగ్రత్తపరులు. మత్తయి 10:2-4లో ఇద్దరు సీమోనులు, ఇద్దరు యాకోబులు ఉన్నారు. తండ్రి పేరు, సహోదరుని పేరు, మారుపేరు, వృత్తి, ఊరు, ఇలా ఏదో ఒక గుర్తు చేర్చి రచయిత పన్నెండుగురిలో అనేకులను వేరుపరచాడు. ఆ జాగ్రత్త తప్పితే ఏమవుతుందో సంఘ చరిత్రే చెబుతుంది. మగ్దలేనే మరియను, బేతనియ మరియను, లూకా 7లోని పేరులేని స్త్రీని 591లో పోపు మొదటి గ్రెగరీ తన ప్రసంగంలో ఒక్కరిగా కలిపివేశాడు. పునరుత్థానానికి సాక్షియైన స్త్రీ పాశ్చాత్య సంఘంలో శతాబ్దాల తరబడి వేశ్యగా మిగిలింది. రోమను కతోలిక సంఘం తన పండుగల పట్టికలో దీనిని సరిచేసింది 1969లో. పేరు విషయంలో జరిగిన పొరపాటు ఒక మనిషి సాక్ష్యాన్నే మార్చగలదు.

మన తెనాలి కూడా ఇదే పాఠం నేర్పుతుంది. 'ఉద్భటారాధ్య చరిత్రము' కర్త తెనాలి రామలింగకవి, 'పాండురంగ మాహాత్మ్యము' కర్త తెనాలి రామకృష్ణకవి. మొదటిది శైవ కావ్యం, రెండవది వైష్ణవం. ఇద్దరూ ఒక్కరేననీ, శైవుడు వైష్ణవుడై పేరు మార్చుకున్నాడనీ కొందరు పండితులు చెప్పగా, వేర్వేరు కవులని మరికొందరు వాదించారు. దీనికి తోడు హాస్యకథల వికటకవి వీరిపై మూడవ పొరగా చేరాడు. ఇక్కడ గమనించదగినది తీర్పు కాదు, పద్ధతి. ఊరిపేరు కలిసిందని ఇద్దరిని ఒకటి చేయకూడదు. మతం మారిందని ఒకరిని ఇద్దరుగా విడదీయకూడదు. మతాంతరంతో పేరు మారడం మన సంఘాల్లోనూ ఉన్నది గనుక ఈ వివాదం మనకు పరాయిది కాదు.

భాండాగారాల్లో ఇంకా కొన్ని చిక్కులున్నాయి. 1859లో గుంటూరు జిల్లా రద్దయి, 1904లో తిరిగి ఏర్పడింది. ఆ మధ్యకాలపు కాగితాలను కృష్ణా జిల్లా కింద వెదకాలి. 2022 ఏప్రిల్‌లో బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లగా తెనాలి గుంటూరులోనే నిలిచింది. మిషను సరిహద్దులు మరొక తీరు. 1842లో హేయర్ గుంటూరు చేరిన నాటి నుండి పెరిగిన లూథరను సేవ తెనాలి, రేపల్లెలకు విస్తరించింది. బాపట్ల అమెరికను బాప్తిస్టుల కేంద్రమైంది. పెండ్లి వల్ల గాని, ఉద్యోగం వల్ల గాని సరిహద్దు దాటిన మనిషి రెండు మిషనుల పుస్తకాల్లో ఇద్దరుగా కనబడవచ్చు. పైగా రోమను లిపిలో త-ట, ద-డ, ల-ళ భేదాలు చెరిగిపోతాయి. 'కె' అనే ఒక్క పొడి అక్షరం వెనుక ఎన్ని ఇంటిపేర్లైనా ఉండవచ్చు.

కనుక పేరు కాక కనీసం రెండు గుర్తులు కలిసినప్పుడే గుర్తింపు నిలుస్తుందని పరిశోధకుడు నియమం పెట్టుకోవాలి: ఇంటిపేరు, తండ్రి లేక భర్త పేరు, పల్లె, బాప్తిస్మపు తేదీ, పనిచేసిన బడి. మిషను నివేదికను స్థానిక పత్రికలతో సరిపోల్చాలి. 1918లో స్థాపితమై, 1929లో గాంధీజీ చేతుల మీదుగా భవన శంకుస్థాపన జరిగిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలకు పేరుపొందినది, బాపట్లకు దగ్గరలోనే ఉన్నది. మన విద్యార్థులు విదేశీ భాండాగారాల కోసం ఎదురుచూసే ముందు అక్కడికి వెళ్లాలి.

చివరిగా ఒక హెచ్చరిక. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినా క్రైస్తవులు వెలుపలే ఉన్నారు. అందుచేత అనేక దళిత కుటుంబాల్లో సంఘంలో ఒక పేరు, బడి కాగితాల్లో మరొక పేరు నిలిచాయి. ఈ రెండింటినీ జతచేసి అచ్చువేయడం చరిత్రకారునికి విజయంగా తోచవచ్చు. బ్రతికివున్న మనుమడికి అది ఆపద కావచ్చు. చనిపోయినవారికి పేరు తిరిగి ఇవ్వడం ఎంత బాధ్యతో, బ్రతికివున్నవారి పేరును కాపాడడం కూడా అంతే బాధ్యత.

ఆధారం చాలనప్పుడు "ఈ యేసుదాసు ఆ యేసుదాసే అని తేలలేదు" అని రాయడం పరిశోధనకు అవమానం కాదు. మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుస్తాడని యోహాను 10:3 చెబుతున్నది. ఒకరి పేరుతో మరొకరిని పిలిస్తే అది పిలుపు కాదు.