చోటెంతో అడగని ఫంక్షన్

సీ భాషలో గెట్స్ అని ఒక ఫంక్షన్ ఉండేది. ఇన్‌పుట్‌లో వచ్చిన లైనును మెమరీలో పెట్టేస్తుంది, అక్కడ చోటెంతుందో మాత్రం అడగదు. 1988 నవంబరు 2న బయల్దేరి, ఇంటర్నెట్‌లో తనంతట తానే పాకిన మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రాంకు దొరికిన దారుల్లో అదొకటి. వాక్స్ యంత్రాల్లో వాడుకరుల వివరాలు చెప్పే ఫింగర్ సర్వర్ 512 బైట్ల చోటిచ్చి గెట్స్‌ను పిలిచేది. వర్మ్ 536 బైట్లు పంపింది. పొర్లిన బైట్లు స్టాక్‌లో ఆ పైనున్న రిటర్న్ అడ్రస్‌ను చెరిపేశాయి. పని ముగించి పిలిచిన చోటికి వెళ్లాల్సిన ఫంక్షన్, వర్మ్ పంపిన కోడ్‌లోకి వెళ్లింది.

అందుకే కోడ్ రివ్యూలో నేను ముందు వెతికేది, చెప్పినన్ని బైట్లను నకలు చేసే మెమ్‌కాపీ. "ఈ లెంగ్త్ ఎవరిచ్చారు?" అని అడుగుతాను. కొత్తగా చేరినవాళ్లు "కంపైలర్ కెనరీ పెడుతుంది కదా సార్" అంటారు. పెడుతుంది, అది గొప్ప ఆలోచనే. 1998లో స్టాక్‌గార్డ్‌తో వచ్చింది. రిటర్న్ అడ్రస్‌కు ముందు ఊహించలేని ఒక విలువ ఉంచి, తిరిగి వెళ్లేముందు అది మారిందేమో చూస్తారు. మారితే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. 64 బిట్ల లినక్స్‌లో ఆ విలువలో ఒక బైటు కావాలనే సున్నా: స్ట్రింగ్ కాపీ సున్నా దగ్గర ఆగుతుంది కాబట్టి, దాన్ని యథాతథంగా రాసి దాటిపోవడం కష్టం. ఇంత దూరం ఆలోచించినవాళ్లంటే నాకు గౌరవం.

మరో రక్షణగా డేటా పేజీల్లో కోడ్ నడవకుండా చేశారు. అప్పుడు దాడిచేసేవాళ్లు ప్రోగ్రాంలో ఉన్న కోడ్ ముక్కలనే గొలుసు కట్టి వాడుకున్నారు. ఆ ముక్కల చోటు ముందే తెలియకుండా అడ్రసులను చెల్లాచెదురు చేశారు. అదీ మంచిదే.

కానీ 2014 నాటి హార్ట్‌బ్లీడ్ అనే లోపాన్ని ఇవేవీ ఆపలేదు. అక్కడ ఏదీ చెరగలేదు. పంపింది కొన్ని బైట్లే అయినా లెంగ్త్ 64 కేబీ అని రాస్తే, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ నమ్మేసి, పక్కనున్న మెమరీని కూడా కలిపి తిరిగి పంపేసింది. అందుకే లెంగ్త్ ఎవరిచ్చారన్న నా ప్రశ్న మానను.

రస్ట్ భాషలో స్లైసు, అంటే మెమరీలో ఒక వరుస భాగాన్ని చూపేది, తన పొడవును తనతోనే మోసుకెళ్తుంది. కొత్త కోడ్‌ను అలాంటి భాషల్లో రాయడం మొదలుపెట్టాక ఆండ్రాయిడ్ భద్రతా లోపాల్లో మెమరీకి సంబంధించిన వాటి వాటా 2019లో 76 శాతం నుంచి 2024లో 24 శాతానికి దిగింది.

2011 సీ ప్రమాణం గెట్స్‌ను తీసేసింది. మన కాలేజీల ల్యాబ్ రికార్డుల్లో నాకు అదింకా కనిపిస్తూనే ఉంది. సీ చెప్పే మాస్టార్లకు నా విన్నపం: చోటెంతో అడిగే ఎఫ్‌గెట్స్ నేర్పండి, జీసీసీ కంపైలర్‌లో అడ్రస్ శానిటైజర్ పెట్టి, స్ట్రింగ్ కాపీలో హద్దు దాటే ఒక చిన్న ప్రోగ్రాంను ఒక్కసారి నడిపించండి. ఏ వేరియబుల్ హద్దు ఎక్కడ దాటిందో పిల్లలు తెరమీదే చూస్తారు.