షట్టర్ల వెనక దెయ్యం

మా చిక్కడపల్లి ఇంట్లో టీవీకి తలుపులుండేవి. చెక్కపెట్టె, రెండు పక్కల నుంచీ జరిపి మూసే షట్టర్లు, మధ్యలో చిన్న తాళం. మన ఈసీఐఎల్ వాళ్లు చేసిన ఈసీ టీవీ, నలుపు తెలుపు. పరీక్షల రోజుల్లో నాన్న తాళం వేసేవారు, మా చదువు కోసం. మిగతా రోజుల్లో పడుకోబోయే ముందు అక్క లేచి వెళ్లి షట్టర్లు మూసొచ్చేది. అది చదువు కోసం కాదు. బొమ్మ ఆగిపోయినా ఆ గాజు వెనక ఎవరో ఉన్నారని అక్కకు గట్టి నమ్మకం. నవ్వేవాణ్ణి గానీ, తను ఊళ్లో లేనప్పుడు నేనూ వెళ్లి మూసేవాణ్ణి.

భయపడాలనుకునేవాళ్లకు మా పేటలో టికెట్‌కు కొదవ లేదు. నాలుగడుగులు వేస్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, అక్కడ సుదర్శన్, దేవి, సంధ్య. 1992లో రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ వచ్చింది. అందులో రేవతి సినిమా చూస్తూ చూస్తూ తల తిప్పేసరికి హాలంతా ఖాళీ. ఆ సీను మన వీపులో కూడా పాకుతుంది. అయితే హాలు భయానికి ఒక సుగుణం ఉంది: దాన్ని అక్కడే వదిలేసి రావచ్చు. బయటికి రాగానే స్కూటర్ల హోరు, మిర్చి బజ్జీల వాసన, ‘నారాయణగూడా, నారాయణగూడా’ అని పిలిచే ఆటోవాళ్లు. ఇంటి సందు తిరిగేసరికి సగం దిగిపోయేది.

ఇంట్లో చూసిన దెయ్యం అలా కాదు. దానికి బయటికెళ్లే దారి లేదు. తెర ఆపి, అన్నం తిని, అదే గదిలో చాప వేసుకుని పడుకోవాలి. బాత్‌రూమ్ పెరట్లో, బావి దాటాక. టీవీ కోసం దెయ్యం కథ తీసేవాడికి సగం సెట్టింగు మన ఇల్లే కట్టిపెట్టి ఉంచిందన్నమాట. తెలివైనవాడు ఆ సంగతి గ్రహిస్తాడు. గ్రహించనివాడు పుర్రెలూ పొగలూ కొనుక్కుంటాడు.

మా ఇంటికి టీవీ ద్వారా వచ్చిన మొదటి దెయ్యం హిందీ మాట్లాడేది. 1985లో రామానంద్ సాగర్ తీసిన ‘విక్రమ్ ఔర్ బేతాళ్’. అరుణ్ గోవిల్ రాజు, సజ్జన్ బేతాళుడు. (రెండేళ్లకే గోవిల్ రాముడైపోతే నాయనమ్మ తెరకు దణ్ణం పెట్టేది, నేను మాత్రం ఆయన వీపు మీద ఇంకా ఎవరైనా ఉన్నారేమో చూసేవాణ్ణి.) హైదరాబాదు పిల్లలకు హిందీ పెద్ద అడ్డేం కాదు. పైగా కథ మాకు ముందే తెలుసు. 1947 జులైలో మొదలైన చందమామ, అప్పటికే దశాబ్దాలుగా బేతాళుణ్ణి ఇంటింటికీ మోసుకొస్తూ ఉండేది. శంకర్ వేసిన బొమ్మ చూడని తెలుగు పిల్లాడు ఆ తరంలో ఉండడేమో: ఒక చేత్తో కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం. అసలు కథలు ఇరవై అయిదు. చందమామవాళ్లు అక్కడ ఆగలేదు, కొత్తవి రాయిస్తూ పోయారు. చెట్టు అదే, శవం అదే, కథ మాత్రం నెలకొకటి.

ఇంటిల్లిపాదికీ పనికొచ్చే భయం ఎలా తయారుచేయాలో ఆ కథల అమరికే చెబుతుంది. భయమంతా మొదట్లో కాస్త, చివర్లో కాస్త. మధ్యలో ఉన్నదంతా ఒక రాజకుమారి, ముగ్గురు వరులు, తెగని తగువు. గుమ్మానికి రెండు పక్కలా ద్వారబంధాల్లాగా దెయ్యం నిలబడి ఉంటుంది, లోపల ఇల్లు మామూలుగా ఉంటుంది. పిల్లాడు ఆ గుమ్మం దాటడానికి జంకుతాడు, దాటాక కూర్చుని తీర్పు గురించి ఆలోచిస్తాడు. ఈ కథల పెద్దింటి పేరు బృహత్కథ. శాతవాహనుల కొలువులో గుణాఢ్యుడు దాన్ని పైశాచీ భాషలో, తన నెత్తురుతో రాశాడని ఐతిహ్యం. మన నేలకు చుట్టరికం ఉన్న కథే ఇది. పిశాచాల భాషలో రాసినవాడు కూడా తీర్పు మాత్రం మనిషికే వదిలాడు.

ఇక పనితనం సంగతి. పాత పిక్చర్ ట్యూబులో నలుపు రాదు. ఆపేసిన టీవీ తెర ఏ బూడిదరంగులో ఉంటుందో, అంతకన్నా చీకటి దాని వల్ల కాదు. హాల్లో చీకటిని చూపించి భయపెట్టవచ్చు, ఇంట్లో చీకటి చూపిస్తే మసకగా కనబడి యాంటెన్నా తిప్పమంటారు. అందుకే టీవీ దెయ్యానికి తెల్లచీర తప్పనిసరైంది. అది మన నాటకాల నుంచీ కథల నుంచీ వచ్చిన ఆనవాయితీయే అయినా, ఆ బూడిద తెర మీద తెలుపొక్కటే కోసుకొచ్చినట్టు నిలబడుతుంది. గుంపులు, కోటలు, దూరపు షాట్లు ఇరవై అంగుళాల్లో చీమల్లా ఉంటాయి కాబట్టి, అంతా ముఖాల మీదే నడపాలి. దెయ్యాన్ని చూపించనక్కర్లేదు, దాన్ని చూసినవాడి కళ్లు చూపిస్తే చాలు. ఖర్చూ తక్కువే.

అంతకన్నా పెద్ద పని చెవిది. టీవీ పెట్టెలో ఉండేది అరచేయంత స్పీకరు. థియేటర్లో కుర్చీ అదిరేలా మోగే మంద్రమైన మోతలు అందులో పలకవు. సన్నని శబ్దాలే పలుకుతాయి: గజ్జెలు, గేటు కీచు, గుడ్లగూబ, ఎవరో ఆడమనిషి నోరు విప్పకుండా తీసే రాగం. ఈ శబ్దాలతో ఒక చిక్కుంది. అవన్నీ ఇంట్లోనూ ఉంటాయి. పక్క వాటా కోడలు పట్టీలు పెట్టుకుని వసారాలో నడిస్తే ఆ రాత్రికి అక్క మంచినీళ్లకు కూడా లేవదు. టీవీ వాళ్లకు నేపథ్య సంగీతం చేసేది ఒకరు, దాన్ని పొడిగించేది మా గేటు.

నెత్తురు నిషిద్ధం. గదిలో నాయనమ్మ ఉంటుంది, అన్నం కంచాలుంటాయి. ఈ కట్టుబాటు వల్లే మన టీవీ దెయ్యానికి మనసు వచ్చిందనుకుంటాను. చంపి భయపెట్టలేదు కాబట్టి, తనకేం అన్యాయం జరిగిందో చెప్పుకోవాల్సి వస్తుంది. చెప్పుకుందా, చుట్టమైపోతుంది. ఇది టీవీ కనిపెట్టింది కాదు, ముందే మనలో ఉంది. ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లు తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నాయి. తెలుగు చదువుకున్న దెయ్యం, మర్యాదస్తురాలు, రేపు రమ్మంటే వెళ్లిపోయే మనిషి! ఆ నమ్మకాన్నే పట్టుకుని మన తెలుగువాళ్లు రాజ్, డీకే కథ రాస్తే 2018లో హిందీలో ‘స్త్రీ’ సినిమా అయింది.

1995 ఆగస్టులో ఈటీవీ మొదలైంది, ఆ దశాబ్దం చివర అందులో భయపెట్టే సీరియల్ ‘అన్వేషిత’ వచ్చింది. నటించింది అచ్యుత్, యమున. ఆ పేరు అప్పటి పిల్లల దగ్గర ఎత్తి చూడండి, కథ ఎవరూ చెప్పరు. టైటిల్ పాట వస్తుంటే ఎక్కడ దాక్కున్నారో చెబుతారు. ఒకరు అమ్మ కొంగు వెనక, ఒకరు మంచం కింద, మా పిన్నికూతురు బియ్యం డబ్బా పక్కన. సీరియల్‌కు అదొక గొప్ప ఆయుధం. సినిమా ఒకసారి భయపెడుతుంది. సీరియల్ అదే పాటతో మళ్లీ మళ్లీ తలుపు కొట్టి, సరిగ్గా ఎవరో వెనక్కి తిరగబోతుండగా ముఖం మీద బొమ్మ ఆపేసి వెళ్లిపోతుంది. తర్వాతి ఎపిసోడ్ దాకా ఆ ముఖం వెనక ఏముందో రాసుకునేది చూసేవాళ్లే. ఆ రాత పనికి ఎవరూ పారితోషికం ఇవ్వలేదు.

అమెరికాలోనూ టీవీ భయం ఇలాగే నడిచింది. 1971లో స్పీల్‌బర్గ్ టీవీ కోసం ‘డ్యూయెల్’ తీశాడు, రెండు వారాల్లోపు షూటింగు. కారును తరిమే లారీ డ్రైవరు ముఖం ఒక్కసారీ చూపించలేదు. 1973లో వచ్చిన ‘డోంట్ బీ అఫ్రెయిడ్ ఆఫ్ ద డార్క్’ కూడా టీవీ సినిమాయే: పాత ఇల్లు, మూసేసిన పొయ్యి, అందులోంచి గుసగుసలు. దాన్ని చిన్నప్పుడు చూసి జడుసుకున్న గియెర్మో దెల్ తోరో, నలభై ఏళ్లకు దగ్గరగా గడిచాక తనే పూనుకుని మళ్లీ తీయించాడు. కొత్తదాంట్లో డబ్బు కనిపిస్తుంది, ఆ గుసగుసల జీవులూ మరింత స్పష్టంగా కనిపిస్తాయి. కనిపించడమే దాని ఇబ్బందేమో అని నాకనిపించింది.

నాకూ అక్కకూ అలాంటిదొకటి ఉంది. హైదరాబాద్ దూరదర్శన్‌లో చూసిన ఒక టెలిఫిల్మ్. పేరు చెప్పను, చెబితే మీరూ వెతికి చూస్తారు, మీ జ్ఞాపకం ఏదైనా ఉంటే అదీ పాడవుతుంది. అందులోని ఆడదెయ్యం బావిలోంచి తడిజుట్టుతో పైకి రావడం అక్కకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తు. నేనూ ఒప్పుకున్నాను, గిలక తిరిగిన చప్పుడు నాకు గుర్తు. కిందటేడు ఎవరో పుణ్యాత్ములు యూట్యూబ్‌లో పెడితే ఇద్దరం ఫోన్‌లో మాట్లాడుకుంటూ మొత్తం చూశాం. అందులో బావి లేదు. ఆమె అసలు నీళ్ల దగ్గరికే వెళ్లదు. ఒక కిటికీ దగ్గర నిలబడి ఏడుస్తుంది, అంతే.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత అక్కే అంది, ‘ఒరేయ్, అది మన పెరటి బావిరా.’

ఇది మరుపు కాదనే నా వాదన. ఆ టెలిఫిల్మ్ తీసినవాళ్లు కిటికీ దగ్గర ఆపి, మిగతాది మాకు వదిలారు. మేం దాన్ని దొడ్డిదాకా తీసుకెళ్లి పూర్తిచేశాం. పనితనం బాగున్న చోటే ఇలా జరుగుతుంది. అన్నీ చూపించేసిన ఆ కాలపు పుర్రెల సీరియళ్లు నాకు ఒక్కటీ గుర్తులేవు. ఇంకో వింత. నారాయణగూడలో ట్యూషన్ నుంచి వస్తుంటే దారిలో నిజమైన శ్మశానమే ఉండేది, క్రైస్తవుల సమాధుల తోట. ఆ గోడ పక్కన చీకట్లో బఠాణీలు తింటూ కబుర్లు చెప్పుకునేవాళ్లం. ఒక్కరోజూ భయం వేయలేదు. భయమంతా ఇంటికొచ్చి చెప్పులు విప్పాకే.

అక్క ఇప్పుడు ఖమ్మంలో ఉంటుంది. వాళ్లబ్బాయి గ్రూప్స్ కోచింగ్ కోసం అశోక్‌నగర్ హాస్టల్లో దిగాడు. పగలంతా సిటీ సెంట్రల్ లైబ్రరీ, రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో హారర్ సినిమా. గదిలో అయిదుగురు, అయిదు ఫోన్లు, అందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు. మొన్న కలిసినప్పుడు అడిగాను, ‘భయం వేస్తే ఏం చేస్తావురా?’

‘పాజ్ కొడతా మావయ్యా.’

‘పక్కనున్నవాణ్ణి లేపవా?’

‘వాడు వేరే సినిమాలో ఉంటాడు కదా.’

చిక్కడపల్లి ఇల్లు అపార్ట్‌మెంటుకు ఇచ్చేటప్పుడు బావి పూడ్చేశారు, ఆ ఈసీ టీవీ లోపలి సామానంతా పాతసామాను బండికి పోయింది. చెక్కపెట్టె మాత్రం అక్క ఖమ్మం పట్టుకెళ్లింది. అందులో పుస్తకాలు పెట్టుకుంది. దసరాకు వెళ్లినప్పుడు చూశాను, రాత్రి లైటు తీసే ముందు వెళ్లి షట్టర్లు రెండూ దగ్గరికి జరిపి మూసింది.

ఎందుకే, అన్నాను.

‘దుమ్ము పడుతుందిరా’ అంది.