సరిహద్దు సంవత్సరం 1922: స్నాతకోత్తర కళాచరిత్ర అధ్యయనంలో దామెర్ల రామారావు

భారతీయ ఆధునిక చిత్రకళాచరిత్రను స్నాతకోత్తర స్థాయిలో అభ్యసించే విద్యార్థికి తప్పనిసరిగా ఎదురయ్యే గ్రంథాలలో పార్థ మిట్టర్ రచనలు రెండు ఉన్నాయి. 1994లో వెలువడినది 1850 నుంచి 1922 వరకు గల కాలాన్ని, 2007లో వచ్చినది 1922 నుంచి 1947 వరకు గల కాలాన్ని పరిశీలిస్తాయి. 1922 డిసెంబరులో కలకత్తాలో బౌహౌస్ చిత్రకారుల కృతులు ప్రదర్శితమయ్యాయి. ఐరోపా నవ్యకళతో భారతీయ చిత్రకారులకు ఏర్పడిన పరిచయానికి ఆ ప్రదర్శన గుర్తుగా నిలిచింది. కలకత్తా దృష్టితో చూస్తే ఈ విభజన సహేతుకమే. రాజమండ్రి దృష్టితో చూసినప్పుడు మాత్రం ఆ గీత ఒక చిత్రకారుని పరిణత దశను నడిమికి చీలుస్తుంది.

దామెర్ల రామారావు 1897లో జన్మించి 1925 ఫిబ్రవరిలో మరణించారు. 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరి, చదువు ముగించుకొని స్వస్థలానికి వచ్చిన తరువాత ఆయనకు మిగిలిన కాలం సుమారు అయిదేళ్లు. 'సిద్ధార్థ రాగోదయం', 'పుష్పాలంకరణ', 'కార్తీక పౌర్ణమి' వంటి కృతులతో ఆయనకు పేరు తెచ్చిన కాలం అదే. పాఠ్యగ్రంథాలు కాలాన్ని విభజించిన తీరులో ఈ అయిదేళ్లలో కొంత ఒక సంపుటం చివరకూ, కొంత మరొక సంపుటం మొదటికీ చేరుతుంది. ఇది గ్రంథకర్త దోషం కాదు. ఒక నగరానికి తగిన తేదీని దేశమంతటికీ తేదీగా బోధించడంలోనే దోషమున్నది.

కాలవిభజన తరువాతి చిక్కు వర్గీకరణ. వంగశైలి, బొంబాయి అకడమిక్ శైలి అనే రెండు అరలే సిద్ధంగా ఉండగా రామారావు దేనిలోనూ పూర్తిగా ఇమడరు. శరీరనిర్మాణంలో జె.జె. శిక్షణ తెలుస్తుంది, రేఖాగమనంలో, స్త్రీమూర్తుల సమూహ విన్యాసంలో అజంతా స్మృతి కనిపిస్తుంది. దీనిని 'సమన్వయం' అని పేర్కొని ముగించడం విమర్శలో అలవాటుగా మారింది. సమన్వయమనే మాట ఇక్కడ వివరణ కాదు, వివరణను వాయిదా వేసే ఉపాయం.

అడివి బాపిరాజును పక్కన నిలిపి చూస్తే విషయం స్పష్టమవుతుంది. రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహం ఇద్దరికీ లభించింది. ఒకరు బొంబాయికి వెళ్లగా, మరొకరు మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీ వద్ద వంగసంప్రదాయాన్ని అభ్యసించారు. అంటే 'రెండు శైలులు'గా పాఠంలో కనిపించేవి ఒకే ఊరిలో, ఒకే గురువు ఆదరణలో పెరిగిన ఇద్దరు మిత్రుల ఎంపికలు. అయితే బాపిరాజు 'నారాయణరావు' తెలుగు శాఖ పాఠ్యాంశం. ఆయన చిత్రాలు కళాచరిత్ర శాఖ విషయం. రెండు శాఖలు ఒక ప్రాంగణంలోనే ఉన్నా ఒక మనిషిని రెండు ముక్కలుగా చదువుతున్నాయి.

ఈ విభజన భారం అధికంగా పడేది గ్రామీణ విద్యార్థిపై. తిరువూరు ప్రాంతంలోని పెనుగొలను నుంచి తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థినిని ఊహించవచ్చు. మచిలీపట్నం ఆమెకు పాత కృష్ణాజిల్లా ముఖ్యపట్టణమే. అయినా అక్కడి కళాశాల చిత్రకళాచరిత్రలో భాగమని తెలియాలంటే ఆమె హైదరాబాదుకో బరోడాకో వెళ్లి ఇంగ్లీషులో చదువుకోవాలి. 1924లో ప్రారంభమైన 'భారతి' సంచికలను, సంజీవదేవ్ వ్యాసాలను మూలంలో చదవగల శక్తి ఆమెకున్నది. పరిశోధనలో ఇది అరుదైన అర్హత. తరగతి గదిలో మాత్రం ఇంగ్లీషు రాకపోవడమే లెక్కకు వస్తుంది, తెలుగు రావడం లెక్కకు రాదు.

తెలుగు ఆధారాలను నెత్తికెత్తుకోవడం కూడా పరిష్కారం కాదు. తెలుగు చిత్రకళా వ్యాసంలో ప్రశంస పాలు ఎక్కువ. చిత్రం కొలత, మాధ్యమం, రచనాకాలం, అది ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి చేరింది అనే వివరాలు తరచు కొరవడతాయి. సంజీవదేవ్ వంటి రసజ్ఞుడు సైతం చిత్రం కలిగించే అనుభూతిని వర్ణించినంత సూక్ష్మంగా దాని చరిత్రను నమోదు చేయలేదు. అందువల్ల ఆ వ్యాసాలను అభిరుచి చరిత్రకు సాక్ష్యాలుగా స్వీకరించవచ్చు గాని, కృతుల చరిత్రకు అవి చాలవు. దానికి మూలచిత్రాల ముందు నిలబడక తప్పదు. రాజమండ్రిలో రామారావు పేరిట ఉన్న చిత్రశాల అందుకు అవకాశమిస్తున్నది.

అటువంటి పరిశీలన తొలుత చేపట్టవలసింది, బహుశా, రామారావు చిత్రాలను కూడా కాదు. ఆయన భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ చిత్రకారిణులు. ఆయన వ్యాసాంశమైతే వారు పాదసూచికలు. 'రామారావు వద్ద నేర్చినవారు' అన్న ఒక్క వాక్యంతో వారి ప్రస్తావన ముగుస్తుంది. 1920లలో గోదావరి తీరాన ఒక ఇంట స్త్రీలు చిత్రరచన ఎలా అభ్యసించారు, నమూనాలుగా ఎవరు కూర్చున్నారు, ఏ వస్తువులు వారికి అనుమతమయ్యాయి, ఏవి కాలేదు అనే ప్రశ్నలకు బౌహౌస్ ప్రదర్శనతో గాని 1922తో గాని నిమిత్తం లేదు. రామారావు అకాలమరణం తరువాత ఆ చిత్రకళాశాలను నిలబెట్టిన వరదా వెంకటరత్నం కృషిని కూడా కలుపుకొంటే, 1925 ఒక శైలికి ముగింపుగా కాక ఒక విద్యాసంస్థ చరిత్రలో మధ్యఘట్టంగా కనిపిస్తుంది.