వేగం ముందు, వంపు తర్వాత

శృంగవరపుకోట దాటి బొడ్డవర దగ్గర రోడ్డు కొండ పట్టిందంటే, అనంతగిరి మీదుగా అరకు దాకా అన్నీ మలుపులే. సాలూరు నుంచి ఒడిశా వైపు వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి సంగతీ అంతే. అక్కడ బరువు లారీలు అదనం. చలికాలం వచ్చిందంటే అరకు దారిలో బైకులు బారులు తీరతాయి. కుర్రాళ్లలో చాలామంది మలుపులో ఒళ్లు వంచడం మోటోజీపీ బైకు రేసులు చూసి నేర్చినవాళ్లే. మోకాలు నేలకు తాకించే ఆ భంగిమకు పేరు తెచ్చినవారిలో కెన్నీ రాబర్ట్స్ ముఖ్యుడు. 1978లో 500 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచిన తొలి అమెరికన్ అతనే. ఘాట్ రోడ్డు మీద మనకు పనికొచ్చేది ఆ భంగిమ కాదు, దాని వెనకున్న లెక్క.

ఆ లెక్క ఇది. 20 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తిరిగితే బండీ మనిషీ కలిసి సుమారు 9 డిగ్రీలు వంగితే చాలు. 30లో 20 డిగ్రీలు, 40లో 32 డిగ్రీలు కావాలి. మనిషి కాస్త లోపలికి వంగితే ఆ వంపులో కొంత తన మీద వేసుకున్నట్టే. బండి ఆ మేరకు నిటారుగా ఉంటుంది, ఫుట్‌రెస్టు నేలకు రాసుకోదు. అయితే టైరు పట్టు మీద పడే భారం మాత్రం తగ్గదు. అది వేగాన్ని బట్టే ఉంటుంది: వేగం రెట్టింపయితే భారం నాలుగింతలు. దూకుడుగా మలుపులోకి వచ్చేసినవాణ్ణి ఎంత ఒళ్లు వంచినా ఆ వంపు కాపాడలేదు.

అందుకే పనంతా మలుపుకు ముందే మొదలవుతుంది. బండి నిటారుగా ఉండగానే బ్రేకు వేసి, గేరు దింపాలి. నడుము లోపలి వైపు కొంచెం జరిపి, బయటి మోకాలిని ట్యాంకుకు ఆనించాలి. మోచేతులు బిగించకూడదు. గడ్డం లోపలి అద్దం వైపు తిప్పి, మలుపు ఎక్కడ విచ్చుకుంటుందో అక్కడ చూపు నిలపాలి. ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ను మెల్లగా ముందుకు నొక్కితే బండి ఎడమకే ఒరుగుతుంది. ఇక యాక్సిలేటరు నిలకడగా ఉంచి, దారి తిన్నగా కనిపించాకే పెంచాలి.

నడక వేగంతో ఎక్కే హెయిర్‌పిన్‌లో ఈ పద్ధతి తిరగబడుతుంది. అక్కడ బండిని లోపలికి వంచి, మనిషి బయటి వైపు బరువు వేయాలి. క్లచ్ సగం పట్టి, వెనక బ్రేకుతో వేగం అదుపు చేయాలి. ఎడమ హెయిర్‌పిన్‌లో మన దారి లోపలి అంచున పడుతుంది, ఇరుకూ ఎక్కువే, ఎత్తూ ఎక్కువే. కుడి మలుపులో ప్రమాదం వేరు: చక్రాలు మన వైపే ఉన్నా, వంగిన తల మధ్య గీత దాటిపోతుంది. ఎదురుగా లారీ వస్తుంటే ఆ అడుగు దూరమే ప్రాణం.

దిగేటప్పుడు పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లున్నారు. అప్పుడు ఇంజన్ పట్టు పోయి, భారమంతా బ్రేకుల మీద పడుతుంది, అవి వేడెక్కి మొరాయిస్తాయి. ఎక్కిన గేరులోనే దిగడం మంచిది. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ 125 సీసీ దాటిన బళ్లకు 2019 నుంచి తప్పనిసరి అయినా, మామూలు ఏబీఎస్‌కు బండి ఎంత వంగిందో తెలియదు, వంపులో దాన్నే నమ్ముకోలేం.

వెనక కూర్చున్నవారి బరువూ లెక్కలోకి వస్తుంది. వాళ్లు భయపడి ఎదురు వంగితే బండి ఇంకా వంగాలి. నడిపేవారి లోపలి భుజం మీదుగా చూడమంటే చాలు, ఒళ్లు దానంతటదే సర్దుకుంటుంది. ఒక పక్కకు కూర్చున్నవారుంటే వేగమే తగ్గించాలి.

మలుపు తిరిగాక రోడ్డు మీద ఆరబోసిన చోళ్లుండొచ్చు, గెడ్డ నీళ్లు పారుతుండొచ్చు, మంచులో ఆగిన జీపుండొచ్చు. అప్పుడు బండిని ఇంకొంచెం వంచడానికో, నిటారుగా లేపి ఆపడానికో వీలుండాలి. ఆ వీలు మిగుల్చుకోగలిగిన వేగమే ఆ మలుపుకు సరైన వేగం.