రోజుకో రేక, రోజుకో గీత

చైనా ఉత్తరాదిన చలికాలం గడపడానికి ఒక బొమ్మ ఉంది. తెల్లకాగితం మీద వంకర తిరిగిన ఒక ప్లమ్ కొమ్మ, దానికి తొమ్మిది పూలు, పువ్వుకు తొమ్మిదేసి రేకలు. రేకలకు అంచుగీతలే ఉంటాయి, లోపల రంగు ఉండదు. ఏడాదిలో పగలు అతి తక్కువగా ఉండే డిసెంబరు 21నో 22నో దాన్ని గోడకు తగిలించి ఒక రేకకు రంగు వేస్తారు. మర్నాడు ఇంకో రేక. అలా 81 రేకలూ నిండేసరికి మార్చి 12 దగ్గర పడుతుంది, చలి వెళ్లిపోతుంది. దీన్ని జియుజియు షియావోహాన్ తు అంటారు, అంటే తొమ్మిది తొమ్మిదులుగా చలిని తరిగించే పటం. అందంగా ఉన్నందుకే కాదు, ఎంత గీయాలో ఎక్కడ ఆగాలో తెలిసి చేసిన పని కాబట్టి దీన్ని దగ్గరగా చూడాలి.

ముందు లెక్క సంగతి. చైనా పంచాంగంలో సూర్యుడి దారిని 15 డిగ్రీల చొప్పున 24 భాగాలు చేశారు. మన కార్తెల్లాగే ఇవీ సూర్యుణ్ణి పట్టుకుని నడిచేవే, సాగుపనీ తిండీ వీటిని బట్టే సాగుతాయి. క్రీ.పూ. 104 నాటి తాయ్‌చూ పంచాంగంలోనే ఈ విభజన ఉంది. 2016లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. చలికాలానివి ఆరు భాగాలు. నవంబరు 7 ప్రాంతంలో శీతారంభం, ఆపైన చిరుమంచు, పెనుమంచు, దోంగ్‌జీ, చిరుచలి, పెనుచలి. పటం మొదలయ్యేది నాలుగోదైన దోంగ్‌జీ నాడు, అంటే ఆ అతి పొట్టి పగటిరోజున.

ఆ రోజు నుంచి పగలు పెరుగుతుంది, చలి మాత్రం తగ్గదు సరికదా ముదురుతుంది. నేలకు అందే ఎండ కంటే నేల పోగొట్టుకునే వేడి ఇంకొన్ని వారాలు ఎక్కువగానే ఉంటుంది మరి. అందుకే మన సంక్రాంతి పడే మూడో విడత తొమ్మిది రోజులు అక్కడ అన్నిటికన్నా చలిరోజులు. బీజింగ్‌లో బెయ్‌హాయ్, షిచాహాయ్ చెరువులు గడ్డకడితే జనం వాటి మీద స్కేటింగ్ చేస్తారు. వెలుగు పెరుగుతోందని పంచాంగం చెబుతున్నా ఒంటికి వణుకు తగ్గని ఆ రోజుల్లో, కాలం కదులుతోందని కంటికి చూపించడం ఈ పటం పని.

దీని పాత రూపాన్ని యువాన్ రాజవంశ కాలపు కవి యాంగ్ యున్‌ఫు తన పద్యానికి రాసుకున్న వివరణలో చెప్పాడు. కిటికీకి ప్లమ్ కొమ్మ బొమ్మ అంటించుకుని, ఇంటి ఆడవాళ్లు పొద్దున్నే ముస్తాబయ్యేటప్పుడు చెక్కిళ్లకు పూసుకునే ఎర్రరంగుతోనే రోజుకొకటి దిద్దేవారట. 81 పూర్తయ్యేసరికి ప్లమ్ పూలు కాస్తా ఆప్రికాట్ పూలయ్యేవి. నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం ఇదే. తెల్ల ప్లమ్ పువ్వు చలిలో పూస్తుంది, గులాబి ఛాయ ఉన్న ఆప్రికాట్ పువ్వు వసంతంలో పూస్తుంది. గీసిన గీత ఒక్కటీ మారకుండా, రంగు నిండేకొద్దీ ఒక ఋతువు పువ్వు ఇంకో ఋతువు పువ్వుగా మారిపోతోంది. దానికి వేరే కుంచె కూడా అక్కర్లేదు, అద్దం ముందున్న సామాను చాలు.

మింగ్ కాలంలో 1635లో అచ్చయిన బీజింగ్ విశేషాల పుస్తకం దీజింగ్ జింగ్‌వు ల్యూయెలోనూ ఈ 81 రేకల కొమ్మ కనిపిస్తుంది. నిజానికి మామూలు ప్లమ్ పువ్వుకు ఐదే రేకలు, ముద్దరకాల్లోనే ఎక్కువ. లెక్క కోసం చిత్రకారుడు పువ్వుకు తొమ్మిది పెట్టాడు. అతను గీసేది ముద్దపువ్వే అయినా నిజం ముద్దపువ్వులోలా రేక వెనక రేక దాగిపోతే లాభం లేదు. ప్రతి రేకా విడిగా కనిపించాలి, రంగు నిలిచేంత చోటు ఉండాలి, అయినా పువ్వు పువ్వులాగే ఉండాలి.

చింగ్ కాలానికి పటం అక్షరాల్లోకి వచ్చింది. రాజప్రాసాదంలో తగిలించిన పటంలో తొమ్మిది అక్షరాల వాక్యం ఒకటి ఉండేది. దాన్ని 1820 నుంచి 1850 వరకు ఏలిన దావోగ్వాంగ్ చక్రవర్తి కూర్చాడని చెబుతారు. మండపం ముందు వాలిన విల్లో చెట్టు వసంతపు గాలి కోసం ఓపిగ్గా ఎదురుచూడడం అందులోని భావం. విశేషమేమిటంటే ఆ పటంలో రాసిన తీరున ప్రతి అక్షరానికీ తొమ్మిదే గీతలు. అక్షరాలను బోలుగా, అంచులు మాత్రమే గీసి పెడతారు. కొలువులోని పండితులు రోజుకో గీతలో సిరా నింపి, ఆనాటి మబ్బూ ఎండా గాలీ వానా సన్నటి అక్షరాల్లో పక్కన రాసిపెట్టేవారు.

ఇలా అంచులు గీయడం తేలికపని కాదు. ఆరో అక్షరంలో ఒక నిలువుగీత అడ్డగీతలన్నిటినీ కోసుకుంటూ దిగుతుంది. ఏ గీత ఎక్కడ ఆగిందో, ఏది దేని మీదుగా పోయిందో అంచుల్లోనే తేలిపోవాలి. లేకపోతే ఇవాళ్టి సిరా రేపటి గీతలోకి పాకుతుంది. ఇక కూర్పు సంగతి. మొదటి అక్షరం రాయడం చుక్కతో మొదలవుతుంది. అంటే ఏడాదిలో అతి పొట్టి పగటికి దక్కేది అతి చిన్న గుర్తు. ‘వసంతం’ అనే ఎనిమిదో అక్షరం ఫిబ్రవరి చివర మొదలై మార్చి తొలిరోజుల్లో నిండుతుంది, ఆ వెంటనే ‘గాలి’ అనే తొమ్మిదోది. దాని చివరి గీత కూడా చుక్కే. 1956లో వచ్చిన సరళలిపిలో ఈ ‘గాలి’కి నాలుగే గీతలు, ఆ లిపిలో రాస్తే ఈ ఒక్క అక్షరంలోనే ఐదు రోజులు తగ్గిపోతాయి. అందుకే ఈ వాక్యానికి పాతలిపి తప్పనిసరి.

చదువు రానివాళ్లకు ఇంకో రకం ఉంది. వరుసకు తొమ్మిది చొప్పున తొమ్మిది వరుసల గుండ్రాలు. మబ్బు పడితే గుండ్రంలో పైభాగం నింపాలి, ఎండ కాస్తే కిందిభాగం. గాలికి ఎడమ, వానకు కుడి, మంచు కురిస్తే నడిమధ్య. ఒక్క సిరాతో, ఒక్క అక్షరం రాయకుండా 81 రోజుల వాతావరణం నమోదైపోతుంది. మబ్బూ గాలీ కలిసొచ్చిన రోజు రెండు చోట్లా నింపవచ్చు. చివర్లో రైతు ఆ కాగితం చూసి రాబోయే పంట ఎలా ఉంటుందో అంచనా వేసుకునేవాడు.

తిండి కూడా ఈ లెక్కతోనే నడుస్తుంది. పటం మొదలయ్యే దోంగ్‌జీ నాడు ఉత్తరాదిన గోధుమపిండి పొరలో మాంసమూ కూరా కూరి మడిచిన జియావోజి ఉడికిస్తారు. చలికి చెవులు దెబ్బతిన్న పేదలకు హాన్ కాలపు వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ వీటిని చెవి ఆకారంలో చేసి పెట్టాడని కథ. కథలో కొందరు మిరపకాయ కూడా వేస్తారు కానీ, ఆ కాలానికి మిరప అమెరికా ఖండాలు దాటి రాలేదు. దక్షిణాదిన నల్లనువ్వుల ముద్ద పెట్టిన జిగటబియ్యప్పిండి ఉండలు, సూజౌలో ఓస్‌మాంతస్ పూల వాసన వేసే కొత్త మద్యం. ఈ లెక్కకు వెలుపల, చాంద్రమానం పన్నెండో నెల ఎనిమిదో నాడు పప్పులూ గింజలూ కలిపిన లాబా జావ కాస్తారు. ఆ రోజే వెల్లుల్లి రెబ్బలను వెనిగర్‌లో నానబెడతారు. చలికి అవి మెల్లగా పచ్చబడి, కొత్త సంవత్సరపు జియావోజిలో నంజుకోవడానికి సిద్ధమవుతాయి.

పటం గీసినవాడు చేసిన పని సగమే, మిగతా సగం వాడుకునే ఇంటిది. గీసేవాడు ఆ సగాన్ని ఒక మనిషి ఒక పూటలో కొన్ని క్షణాల్లో చేయగలిగినంత చిన్న ముక్కలుగా కోసి పెట్టాడు. ముక్క అంతకంటే పెద్దదైతే నాలుగో రోజుకే మానేస్తారు, ఇంకా చిన్నదైతే ఒక్కసారే నింపేసి పక్కన పడేస్తారు. తన నేర్పునంతా చూపించి రంగులన్నీ తానే వేయగలిగిన చిత్రకారుడు 81 ఖాళీలు వదిలి కుంచె కింద పెట్టేశాడు. ఆ నిగ్రహం వల్లే ఈ పటం యువాన్ కాలం నుంచి ఇప్పటిదాకా ఇళ్లలో నిలిచింది.